అరువు దగ్గు

"మళ్ళీ ఎక్కు," అన్నాడు మేస్త్రి.

తడిబట్టల బకెట్టు మోసుకుంటూ అప్పుడే డాబా మీదికి చేరి, పిట్టగోడ పట్టుకుని ఊపిరి కోసం తన్నుకులాడుతున్న పెళ్ళానికి ఆ మాట మొదట అర్థం కాలేదు. కింద మెట్ల మొదట్లో రెండు కుర్చీలు వేసుకుని మొగుడూ కూతురూ కూర్చున్నారు. సినిమాకు వచ్చినట్టు అని ఊరికే అనడం కాదు, కూతురి ఒళ్ళో వేయించిన పల్లీల పొట్లం కూడా ఉంది. బకెట్టు అక్కడ పెట్టేసి దిగి రమ్మన్నారు, దిగింది. బకెట్టు లేకుండా వద్దు, బరువుంటేనే బాగా తెలుస్తుందన్నారు. సరే, మళ్ళీ వెళ్ళి బకెట్టు తెచ్చుకుంది. ఈసారి సగం మెట్ల దగ్గర ఆగినప్పుడు చెయ్యి ఎక్కడ ఆనించిందో, నోరు తెరిచిందో మూసిందో, ఆయాసం ముందొచ్చిందో దగ్గు ముందొచ్చిందో అన్నీ కూతురు కనిపెట్టి తండ్రికి చెప్పింది. కూతురు బడిపంతులమ్మ. ఎక్కాలు రాని పిల్లాడికి చెప్పినంత ఓపికగా చెప్పింది.

"చూశావా నాన్నా, అమ్మ ముందు గాలి లోపలికి లాక్కుంటుంది. అది సగంలో ఆగిపోతుంది. అప్పుడు దగ్గొస్తుంది. నువ్వు ఊరికే గొంతులోంచి దగ్గేస్తున్నావు. జలుబు చేసినవాడిలా ఉన్నావు."

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మహానుభావుడు పెళ్ళాన్ని అంత పరీక్షగా చూడటం అదే మొదలు. ఒళ్ళు కాలిపోయే జ్వరంలో చూడలేదు. పురిటి నొప్పుల్లో చూడలేదు. తాబేలులా మెల్లగా నడుస్తున్నావేం అని విసుక్కోవడానికి తప్ప ఆమె నడక వంక చూసి ఎరగడు. ఇప్పుడు మాత్రం మెడ చాచి, కళ్ళు చిట్లించి, ఆమె పక్కటెముకలు ఎలా లేచి పడుతున్నాయో చూస్తున్నాడు. ఆమెకు సిగ్గేసింది. ఎందుకు సిగ్గో ఆమెకే తెలియలేదు. కొంగు లాక్కుని ఛాతీ కప్పుకుంటే, కొంగు తియ్యి, ఏమీ కనపడటం లేదని కసిరాడు.

ఈ చోద్యం ఎందుకొచ్చిందో చెప్పాలంటే ఆయనగారి ఉద్యోగం సంగతి చెప్పాలి. స్టీల్ ప్లాంటులో ఫర్నేసు దగ్గర పనిచేసేవాళ్ళు మోచేతుల దాకా తొడుక్కునే గ్లౌజులు అప్పట్లో ఆస్‌బెస్టాస్ బట్టతో చేసేవాళ్ళు. నిప్పు అంటుకోని బట్ట. అంటుకోదు గానీ చిరుగుతుంది. చిరిగినవాటిని కుట్టి మళ్ళీ పనిలోకి పంపడానికి ప్లాంటులో ఒక రేకుల షెడ్డు, షెడ్డులో ఒక కుట్టుమిషను, మిషను ముందు ఒక మనిషి. ఆ మనిషి ఈయనే. గ్లౌజుల మేస్త్రి అంటే ప్లాంటంతా తెలుసు. ఆ మేస్త్రికి సూదిలో దారం ఎక్కించడం రాదు.

రాకపోతే ఏం, పెళ్ళానికి వచ్చు. పెళ్ళిచూపుల్లో పాట వచ్చా అని అడగలేదు, మిషను తొక్కడం వచ్చా అని అడిగారు. ఎందుకడిగారో కాపురానికి వచ్చిన వారానికి తెలిసింది. మేస్త్రి షెడ్డులో పేకాడి, కునుకు తీసి, షిఫ్టు దిగుతూ సైకిలు వెనక గోనెసంచి కట్టుకొచ్చేవాడు. సాయంత్రం వంట దింపి ఆమె మిషను ముందు కూర్చునేది. పొద్దున్నే కుట్టిన సంచి సైకిలెక్కి వెళ్ళిపోయేది. ప్లాంటులో పైవాళ్ళకు తెలియదా అంటే, నిక్షేపంలా తెలుసు. పని జరుగుతోంది కదా, ఎవరి చేతులైతే మనకేం అని ఊరుకున్నారు. ఉత్తమ కార్మికుడని మేస్త్రికి ఇత్తడి షీల్డు కూడా ఇచ్చారు. ఆ షీల్డు తోమి తళతళలాడించే పని కూడా పెళ్ళానిదే.

గ్లౌజు కుట్టాలంటే ముందు వేళ్ళు విడదీయాలి. వేడికీ చెమటకీ వేళ్ళు లోపల అతుక్కుపోయి ఉంటాయి. పుల్ల పెట్టి పొడిస్తే బట్ట ఇంకా చిరుగుతుంది. అందుకని ఆమె గ్లౌజు మణికట్టు నోటికి ఆనించుకుని గట్టిగా ఊదేది. ఊదితే వేళ్ళు ఒక్కొక్కటీ పొంగి లేచేవి. నోరు తియ్యగానే లోపలి గాలంతా తెల్లగా మొహం మీదికి తిరిగొచ్చేది. చీర దులిపితే పిండిమర నుంచి వచ్చినట్టుండేది. గొంతు గరగరలాడుతోందని ఒకసారి అంటే, "పని అనగానే నీకు గొంతునొప్పి వస్తుంది, తినేటప్పుడు రాదేం," అన్నాడు మేస్త్రి. ఆ తర్వాత ఆమె ఎప్పుడూ అనలేదు.

అత్తగారు మాత్రం తెలివైన మనిషి. నాకు దుమ్ము పడదమ్మా అని సంచి విప్పగానే కుర్చీ వాకిట్లో వేయించుకునేది. ఆవిడ ఇప్పటికీ రాయిలా ఉంది. బకెట్టు నీళ్ళు ఒంటిచేత్తో ఎత్తుతుంది. మనవరాలికి మాటలు వచ్చీరాగానే, దాన్ని ఊరికే కూర్చోబెట్టి ఎందుకు మేపుతున్నావు, ఊదమను, చిన్న నోరు, చక్కగా పడుతుంది అని సలహా చెప్పింది కూడా ఆవిడే. వద్దండీ, పసిది అని కోడలు గొణిగింది. నీ కూతురు మట్టిబొమ్మేం కాదులే, కరిగిపోదు అంది అత్తగారు. పిల్లకు అది ఆటే. మిషను కింద చతికిలబడి బుగ్గలు పూరించి ఊది, పొంగిన గ్లౌజు పైకెత్తి, "అమ్మా, అయిదు చన్నుల ఆవు," అని నవ్వేది. పిల్ల నవ్వుతుంటే తల్లి కూడా నవ్వేది. బడికి వెళ్ళే వయసు దాటినా, పెళ్ళయి వెళ్ళేదాకా, ఆ ఇంట్లో ఊదే పని పిల్లదే.

తర్వాత ఆ బట్ట వాడటం ఆపేశారు. మేస్త్రి రిటైరయ్యాడు. ఫర్నేసు దగ్గర పనిచేసినవాళ్ళు ఒక్కొక్కరే దగ్గుతూ మంచం పట్టారు. యూనియను కోర్టుకెళ్ళి గెలిచింది. గెలిచాక పాత కార్మికుల్ని కుటుంబాలతో సహా యూనియను ఆఫీసుకు పిలిచి లాయరమ్మ అందరికీ విప్పి చెప్పింది. ఆ బట్ట పోగు ఊపిరితిత్తుల్లో గుచ్చుకుంటే ఇరవై, ముప్ఫై ఏళ్ళ దాకా బయటపడదు. బయటపడ్డవాళ్ళకు ప్లాంటు నష్టపరిహారం ఇవ్వాలి, వైద్యం చేయించాలి. గేటు లోపల చేసినా ఇంట్లో చేసినా ప్లాంటు పని చేసిన మనిషి కార్మికుడే, ఆడదైనా సరే. పని ఇంట్లోనే జరిగి ఉంటే ఆ ఇంట్లో పెరిగిన ప్రతివాళ్ళకూ బతికున్నంత కాలం ఏటా పరీక్ష చేయించాలి. ముందుగా కనిపెడితే చాలావరకు కాచుకోవచ్చు. కానీ పని ఇంట్లో జరిగిందని ఆ పని చేసిన మనిషి, కోర్టు వేయించిన డాక్టర్ల బోర్డు ముందుకొచ్చి తన నోటితో చెప్పాలి. చెప్పకపోతే ఆ ఇల్లు లెక్కలోకే రాదు.

చివరి మాటకు ఆమె తలెత్తింది. వెంటనే మేస్త్రి ఆమె మోచెయ్యి నొక్కాడు.

"అదంతా మనకు కాదు," అన్నాడు ఇంటికొస్తూ. ఇంట్లో కుట్టావని తెలిస్తే ఇన్నాళ్ళూ షెడ్డులో ఏం చేశావని నన్నడుగుతారు, ఉన్న పెన్షను కూడా ఊడుతుంది, బుద్ధుందా నీకు అన్నాడు. బుద్ధుందా అన్నది ఆ ఇంట్లో ప్రశ్న కాదు, పలకరింపు.

మేస్త్రి వెళ్ళి ఎక్స్‌రే తీయించుకున్నాడు. అద్దంలా ఉంది. ఉక్కు ఊపిరితిత్తులు మేస్త్రీ నీవి, నూరేళ్ళు ఢోకా లేదన్నాడట డాక్టరు. ఆ మాట విన్న మేస్త్రి మొహం చావు కబురు విన్నట్టయింది. నాలుగు రోజులు ఆ ఫిలిం పట్టుకుని కూర్చున్నాడు. పరిహారం వస్తుంది, దాంతో అమ్మాయి ఫ్లాటు అప్పు తీరుతుందని అల్లుడికి ముందే మాటిచ్చేసి ఉన్నాడు మరి. అయిదో రోజు పెళ్ళాం మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. అంత దగ్గుతున్నావే, పద, నీకూ ఒక ఎక్స్‌రే తీయిద్దాం అన్నాడు. ఆమె పిచ్చిది, సంబరపడింది. మంచి చీర కట్టుకుని వెళ్ళింది. ఎక్స్‌రే దుకాణం వాడు పేరడిగితే మేస్త్రి తన పేరు చెప్పాడు. ఆడమనిషి ఫోటో అని తెలిసిపోతుంది కదా అని దుకాణం వాడు గొణిగితే, "ఎండిపోయిన దానికి తేడా ఏముందిలే," అని నవ్వాడు. దుకాణం వాడూ నవ్వాడు. ఆమె చల్లటి ప్లేటుకు ఛాతీ ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. బిగబట్టమన్నారు గనక నవ్వలేదు, ఏడవలేదు.

ఫిలింలో ఆమె ఊపిరితిత్తుల నిండా సాలెగూళ్ళు. వాటి కింద మొగుడి పేరు. గ్లౌజులు ఆమె కుట్టింది, జీతం ఆయన తిన్నాడు, షీల్డు ఆయన పుచ్చుకున్నాడు. మిగిలింది రోగం ఒక్కటే. కనీసం అదైనా నాది అనుకోవడానికి లేకుండా పోయింది. ఇంటికొచ్చాక ఆ పేరు అత్తగారికి చూపించింది.

"ఎవరి పేరైతే ఏంటమ్మా, ఇంటికే కదా వచ్చేది," అంది అత్తగారు.

బోర్డుకు బయట తీసిన ఎక్స్‌రే చాలు. అనుమానం వస్తేనే మళ్ళీ తీస్తారు. అనుమానం రాకూడదంటే రోగి రోగిలా కనపడాలి. అందుకని ఈ మెట్లెక్కడాలు, ఈ పాఠాలు. కూతురు సెలవు పెట్టి మరీ వచ్చింది.

ఎంత చెప్పినా మేస్త్రికి పట్టుబడలేదు. గాలి సగంలో ఆపమంటే ఎక్కిళ్ళు తెచ్చుకుంటున్నాడు. ఆఖరికి కూతురికి ఓపిక చచ్చింది. పల్లీల పొట్లం కుర్చీలో పెట్టి లేచింది.

"ఇలా నాన్నా, చూడు."

గాలి లోపలికి లాక్కుంది. సగంలో ఆగింది. పక్కటెముకలు ఒక్కసారి లోపలికి పీక్కుపోయాయి. పొడిగా, లోతుగా, చిల్లు పడ్డ తిత్తిలోంచి వచ్చినట్టు దగ్గింది. అచ్చం తల్లి దగ్గే. మేస్త్రి చప్పట్లు కొట్టాడు. వాకిట్లోంచి అత్తగారు కూడా తొంగిచూసి, నా మనవరాలు నాటకాల్లో చేరాల్సిందిరా అని మురిసిపోయింది. కూతురు నవ్వబోయింది. నవ్వు మధ్యలో మళ్ళీ దగ్గొచ్చింది. ఇంకోసారి వచ్చింది. చెయ్యి గోడకు ఆనించుకుని ఆగింది. కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటూ, పల్లీ పొట్టు అడ్డం పడింది అంది.

మెట్ల మీద నిలబడ్డ తల్లి చేతిలోంచి బకెట్టు జారి బట్టలన్నీ దొర్లాయి. చూసి నేర్చుకుంటే వచ్చే దగ్గు కాదది. మొగుడికి చేతకానిది కూతురికి ఒక్క ప్రయత్నంలో ఎందుకొచ్చిందో ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలిసింది. ఫోనులో మాట్లాడుతూ పిల్ల మాట మధ్యలో ఆగడం, పిల్లలతో అరిచి అరిచి గొంతు పోయిందమ్మా అనడం, మూడంతస్తులెక్కలేక లిఫ్టున్న ఫ్లాటే కావాలని పట్టుబట్టడం, ఒక్కొక్కటీ ఇప్పుడు వరసగా వచ్చి నిలబడ్డాయి. పడ్డ బట్టలు ఏరకుండా కూతురి వంకే చూస్తూ నిలబడింది. బట్టలు మళ్ళీ ఉతకాలి, చూస్తావేం అన్నాడు మేస్త్రి.

ఆ మధ్యాహ్నం వంటింట్లో కూతుర్ని పట్టుకుంది. నువ్వు కూడా ఒకసారి ఎక్స్‌రే తీయించుకోవే అని బతిమాలింది. నాకేమైందని అంది కూతురు. ఊదావు కదే, నాకంటే ఎక్కువ ఊదావు, లాయరమ్మ చెప్పింది వినలేదా అంది. కూతురి మొహం గంటుపెట్టుకుంది.

"నీ రోగం నాకు అంటగట్టకమ్మా," అంది. మా ఆయన చెవిన పడితే ఏమవుతుందో తెలుసా, రోగిష్టిదాన్ని మా నెత్తిన రుద్దారని మా అత్తగారు ఇల్లెక్కి అరుస్తుంది, బడిలో తెలిస్తే ఉద్యోగం ఉంచుతారా అంది. అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. "అసలు నీ బాధ అది కాదు. పరిహారం నాన్న పేరు మీద వస్తోందని నీకు కుళ్ళు. ఇన్నాళ్ళూ ఏదో ఉద్ధరించానని అందరూ అనుకోవాలి నీకు."

నాలుగు కుట్లు వేసిందట, దానికి ఎంత పొగరో అని తండ్రి ఎప్పుడూ అనే మాట. పిల్ల నోట్లోంచి అదే గొంతుతో వచ్చింది. ఆ పిల్లను పెంచేటప్పుడు ఒక్కనాడైనా, ఇదిగో ఈ కుట్టు నాది, ఈ జీతం నాది అని చెప్పి ఉంటే ఎలా ఉండేదో. మీ నాన్న పెద్ద మేస్త్రి అని తనే చెప్పి పెంచింది. పిల్ల నమ్మింది. నమ్మిన పిల్లను ఏమనగలదు.

కానీ ఒక్కటి మాత్రం తేలిపోయింది. పిల్ల తనంతట తాను వెళ్ళదు. మొగుడి భయం, అత్త భయం, ఉద్యోగం భయం. రోగం ముదిరి మంచాన పడ్డాక చూస్తారు. బోర్డు పిలిస్తే తప్ప వెళ్ళదు. బోర్డు పిలవాలంటే ఆ ఇంట్లో పని జరిగిందని ఎవరో చెప్పాలి. ఆ ఎవరో తను తప్ప ఇంకెవరూ కాదు.

బోర్డు ప్లాంటు ఆస్పత్రిలో ఒక గదిలో కూర్చుంది. పొడుగాటి బల్ల వెనక ఇద్దరు డాక్టర్లు, ప్లాంటు తరఫు ఆఫీసరు, పక్కన లాయరమ్మ. మేస్త్రిని చేతులు పట్టుకుని కూతురు నడిపించుకొచ్చింది. ఇంటి దగ్గర కాళ్ళు ఈడ్చుకుంటూ నడవమన్నది కూడా కూతురే. మేస్త్రి ఆ రోజు అద్భుతంగా దగ్గాడు. పెద్ద డాక్టరు ఫిలిం వెలుతురుకు పెట్టి చూసి, స్టెతస్కోపు కోసం చెయ్యి చాపి, ఎందుకో మళ్ళీ ఫిలిం వంకే చూశాడు. ఆఫీసరుకు మాత్రం తొందరగా ఉంది. తంతు పూర్తిచేద్దామని భార్యను లేవమన్నాడు.

"ఏమ్మా, మీ ఆయన పనంతా షెడ్డులోనే చేశాడు కదా? ఇంటికేమీ తెచ్చేవాడు కాదు కదా?"

లేదండీ, అంతా షెడ్డులోనే. ఈ రెండు ముక్కలూ వారం రోజులుగా ఆమె చేత వల్లె వేయించారు. అత్తగారు పొద్దున్న కూడా ఒప్పజెప్పించుకుని గానీ గుమ్మం దాటనివ్వలేదు. ఆమె మొగుడి వంక చూడలేదు. కూతురి వంక చూసింది. పిల్ల ఆయాసపడుతోంది. తండ్రిని నడిపించుకొచ్చినందుకని అందరూ అనుకుని ఉంటారు.

"తెచ్చేవారండీ. రోజూ తెచ్చేవారు. ఆయన ఒక్క గ్లౌజు కుట్టలేదు, నేనే కుట్టాను, మా ఇంట్లో. ఆ ఎక్స్‌రే నాది. ఆ దగ్గు కూడా నా దగ్గర నేర్చుకున్నదే." గాలి సగంలో ఆగింది. నిలదొక్కుకుంది. "నా సంగతి తర్వాత చూద్దురు గాని. ఆ గ్లౌజుల్లోకి నోరు పెట్టి ఊదింది మా అమ్మాయి. పసితనం నుంచీ ఊదింది. ముందు దాన్ని చూడండి."

మేస్త్రికి ఆయాసం ఎటుపోయిందో, నిటారుగా నిలబడ్డాడు. కూతురి మొహం తెల్లగా పాలిపోయింది.

"మా అమ్మకు మిషను తొక్కడమే రాదండీ," అంది కూతురు. గొంతు వణకలేదు. "మతి సరిగ్గా ఉండదు. ఏవేవో ఊహించుకుంటుంది. నేనేమీ ఊదలేదు."

ఆఫీసరు మొహం వెలిగింది. చూశారా, ఆవిడకు మతి లేదట, ఈ కేసు మొత్తం కొట్టేద్దాం అన్నాడు. లాయరమ్మ లేచింది. ఇంట్లో పని జరిగిందని పని చేసిన మనిషి నోటితో చెప్పాక ఆ ఇంట్లో పెరిగినవాళ్ళను చూడకుండా పంపే అధికారం మీకు లేదని, కాదంటే రేపే మళ్ళీ కోర్టులో కలుద్దామని మెల్లగా చెప్పింది. పెద్ద డాక్టరు ఫిలిం పక్కన పెట్టాడు. మేస్త్రికీ, భార్యకూ, కూతురికీ ముగ్గురికీ ఇక్కడే, ఇప్పుడే ఎక్స్‌రే తీయమన్నాడు. ముందు అమ్మాయికి అన్నాడు.

నర్సు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళుతుంటే కూతురు వెనక్కి తిరిగి తల్లిని చూసిన చూపు ఉందే, శత్రువును కూడా ఎవరూ అలా చూడరు. తలుపు మూసుకుంది. తలుపు మీద ఎర్ర బల్బు వెలిగింది.

బయట బల్ల మీద మొగుడూ పెళ్ళాం పక్కపక్కనే కూర్చున్నారు. పెన్షను పోతుంది, పరువు పోయింది, అల్లుడికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి అని మేస్త్రి పళ్ళు నూరుతూ చాలాసేపు ఏవేవో అన్నాడు. కన్నకూతుర్నే రోగిష్టిదని నలుగురిలో నిలబెట్టిన దానివి నువ్వు తల్లివేనా అన్నాడు. ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆమె వినడం లేదు. గోడకవతల ఎవరో ఊపిరి బిగబట్టమని చెబుతున్నారు. ఆమె కూడా బిగబట్టింది. తనకు పిచ్చే పట్టి ఉండాలి. తనది కుళ్ళే అయి ఉండాలి. తను చెప్పిందంతా అబద్ధమే కావాలి. ఆ రోజు మెట్ల దగ్గర పిల్ల నిజంగా నాటకమే ఆడి ఉండాలి. పల్లీ పొట్టే అడ్డం పడి ఉండాలి.

మేస్త్రి ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"అమ్మాయి ఫోటోలో ఏమీ లేదని వచ్చిందా, ఇక నిన్ను ఇంట్లో అడుగు పెట్టనివ్వను. ఆ మాట గుర్తుపెట్టుకో."

"ఏమీ లేదనే రానివ్వండి," అంది ఆమె. "మీ గడప తొక్కను."